ఎడమ జేబులో ఎనిమిదో నంబరు

వేట తూటాల లెక్కంతా తిరకాసు. నంబరు పెరిగేకొద్దీ లోపలి సీసపు గుండు చిన్నదవుతుంది. ఇది తెలియక, కువైట్‌లో నా మొదటి వేటరోజే పూరేడు పిట్టకి నాలుగో నంబరు అందించాను. చిన్న పిట్టకి చిన్న నంబరు అనుకున్న తెలివి నాది. పిట్ట రాలేదు, ఈకలొచ్చాయి. నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న మా కఫీల్, ఇంటిల్లిపాదీ బాబా అని పిలిచే పెద్దాయన, కడుపు పట్టుకుని నవ్వాడు. "వీటినేం వండుకుంటాం? దిండులో కుక్కుకో" అన్నాడు తన వచ్చీరాని హిందీలో.

నేను కడప నుంచి బండి తోలడానికి పోయినవాణ్ణి. మిష్రిఫ్‌లో వాళ్ళిల్లు. పిట్టలు దిగే రోజుల్లో తూటాలు ఏరి అందించే పని కూడా నా నెత్తినే పడింది. పరువు పోయిన ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. వేటకోటు కుడి జేబులో ఆరో నంబరు, కౌజుకంటే లావుండే గటా అనే ఎడారి పిట్టలకి. ఎడమ జేబులో ఎనిమిది, పూరేళ్ళకి. ఇంటికొచ్చాక జేబులు ఖాళీ చేస్తుంటే బాబా అడ్డుపడేవాడు.

"ఎడమ దాంట్లో ఒకటి వదిలెయ్. పిట్ట చెప్పి రాదు."

అలా ఒకటి ఎప్పుడూ ఉండిపోయేది.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో కువైట్ మీద ఇరాక్ సైన్యం వచ్చిపడింది. ఇళ్ళు సోదా చేస్తున్నారనీ, తుపాకీ దొరికితే మగవాళ్ళని తీసుకుపోతున్నారనీ తెలిసింది. బాబా, నేను కలిసి తుపాకీనీ తూటా పెట్టెలనీ ప్లాస్టిక్‌లో చుట్టి పెరట్లో పాతిపెట్టాం. అయినా నాకు నిలకడ లేదు. ఏదో మరిచానని మనసు పీకుతోంది, ఏమిటో తట్టదు. అల్మరాలు వెతికాను. కారు సీట్ల కింద తడిమాను. పాతిన చోటికి పోయి మళ్ళీ మళ్ళీ తొక్కాను.

ఆ ఇంట్లో వంట చేసే రాయచోటి పిల్ల విసుక్కుంది. "యాలన్నా కాలుగాలిన పిల్లి మాదిరి తిరగతాండావు? ఒక తావ కూచోరాదా?"

కూచున్నాను. మళ్ళీ లేచాను.

మూడో రోజు పొద్దున ముగ్గురు సైనికులొచ్చారు. ఇల్లంతా చూసి, చివరికి నా గదికొచ్చారు. బాబా వాళ్ళ వెంటే ఉన్నాడు. తలుపు వెనక వేటకోటు వేలాడుతోంది. ఎండలు ముదిరాక దాన్ని ముట్టుకున్నదే లేదు. అప్పుడు తట్టింది నాకు. ఒకడు ఎడమ జేబులో చెయ్యి పెట్టి ఎర్ర తూటా బయటికి తీశాడు.

"ఎవరిది?"

గది నాది. కోటు నేను తొడిగేది. బాబా ఒక అడుగు ముందుకేశాడు.

"నాది. వీడు డ్రైవరు, వీడికేం తెలీదు. అది ఎనిమిదో నంబరు, పూరేడు పిట్టకి..."

అంత అరబ్బీ నాకూ అర్థమవుతుంది. వాళ్ళు మాత్రం పూర్తిగా వినలేదు. చెప్పులైనా తొడుక్కోనివ్వకుండా బాబాని జీపెక్కించారు. జీపు పోయాక ఆయన భార్య, మేమంతా మామా అని పిలిచే ఆవిడ, వచ్చి నా చేతికి గ్లాసిచ్చి నీళ్ళు తాగమంది. ఆ నీళ్ళు తాగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

నెల తిరక్కముందే జోర్డాన్ మీదుగా నేను ఊరు చేరాను. బాబా తిరిగొచ్చాడో లేదో నాకు చెప్పినవాళ్ళు లేరు. ఇల్లు కదిలేముందు ఎడమ జేబు తడుముకోవడం మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకని నా భార్య అడిగితే తాళాల కోసమంటాను.

ఆ పొద్దున ఒక్క మాట అనాల్సింది నేను. అది నాది. నేను పెట్టి, నేను మరిచిన తూటా.