ఖాళీ కంటైనర్‌లో వాసన

ఈ రోజు పొద్దున ఫ్యాక్టరీకి వచ్చిన ఖాళీ కంటైనర్‌లోకి ఎక్కి, తలుపులు మూయించుకుని, ఆ చీకట్లో గట్టిగా ఊపిరి పీల్చాను. పాత చెక్క, తుప్పు, ఎండకు కాగిన ఇనుము. అంతే. హమ్మయ్య అనుకున్నాను. ఎక్కడా వెలుతురు చొరబడలేదు కాబట్టి చిల్లులూ లేవు. బయట డ్రైవరు విసుక్కుంటున్నాడు. ఇన్నేళ్ళయినా ఆ చీకట్లో నిలబడితే నా పక్కన మునివెంకటప్ప సారు కూడా నిలబడి ఉన్నట్టే ఉంటుంది.

మాది గురుబరపల్లి దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. గుజ్జును డ్రమ్ముల్లో నింపి ఓడల మీద విదేశాలకు పంపుతాం. సారు షిప్పింగ్ మేనేజరు. నేను కల్లావి నుంచి బస్సులో వచ్చి ఆయన కింద పనిలో చేరాను. మొదటి రోజే నన్ను కంటైనర్ ఎక్కించారు. "లోపలికి రామ్మా. తలుపు ఏస్తారు, భయపడొద్దు. కంటికి వెలుతురు కనిపిస్తే ఓటిది. ముక్కుకు ఏమన్నా తగిలితే వాపసు," అన్నారు. ఆ రోజు కంటైనర్‌లో చేపల వాసన వచ్చింది. సారు ఎండలో నడిచి వెళ్ళి ఈ కంటైనర్ వద్దని డ్రైవరుకు తానే చెప్పారు, వాడి తిట్లన్నీ నిలబడి విన్నారు. వాచ్‌మన్‌తో చెప్పిస్తే పోయేది కదా సార్ అన్నాను. "సరే అనే మాట ఎవురైనా చెప్పొచ్చమ్మా. వద్దనే మాట మాత్రం మనమే పోయి, మొగం చూసి చెప్పాల. అట్ల చెప్పలేకపోతే ఆ మాటలో ఏదో తప్పుందని అర్థం." ముసలాయన చాదస్తం అనుకున్నాను.

తర్వాత ఒక సీజన్ మధ్యలో వచ్చిన కంటైనర్ తలుపు తీయగానే ఫినాయిలు, దాని వెనకే కుళ్ళు వాసన కొట్టింది. సారు ముక్కుకు రుమాలు కట్టుకుని లోపలికి వెళ్ళి, నేల చెక్కల సందులోంచి ఇంజెక్షన్ సూది మూతనూ, రక్తం పట్టే చిన్న గాజు గొట్టాన్నీ ఇవతలికి తీశారు. గొట్టం మీద పరాయి దేశపు అక్షరాలు. డ్రైవరును కూర్చోబెట్టి టీ ఇప్పించి అడిగితే సంగతి బయటపడింది. ప్లాస్టిక్ తుక్కు అని చెప్పి హార్బర్‌లో దించిన ఆసుపత్రి చెత్త అది. హోసూరు దగ్గర ఒక యార్డులో ఖాళీ చేశారు. సీలు తీయని కంటైనర్లు ఇంకా కొన్ని అక్కడే ఉన్నాయి. "దించిందంతా యాడ పోసినారప్పా?" అన్నారు సారు. ఉద్దనపల్లి పక్కన పాడుపడ్డ రాళ్ళ క్వారీలో అన్నాడు డ్రైవరు. ఆ క్వారీ దిగువనంతా మామిడి తోటలే. వాటిలో ఒకటి ఆయన తమ్ముడు నాగరాజప్పది. మిగిలినవి కూడా ఆ గుంటలోనే పోస్తే ఆ తోటలకు మంచి నీళ్ళుండవు.

సారు ఫిర్యాదుతో కస్టమ్స్ వాళ్ళు యార్డుకు తాళం వేశారు. మోసం చేసి పంపిన చెత్తను పంపిన దేశమే వెనక్కి తీసుకోవాలని దేశాల మధ్య ఒప్పందం ఉందట. ఉండడమైతే ఉంది, దాన్ని కదిలించేసరికి మా ప్రాణం తోకకొచ్చింది. ఈ ఆఫీసు ఆ ఆఫీసు వైపు, ఆ ఆఫీసు ఇంకో ఆఫీసు వైపు చూపించాయి. చివరికి ఆ దేశంలో మా గుజ్జు కొనే ఆయన ద్వారా అక్కడి రేవులో పనిచేసే ఒక అధికారిణి దొరికింది. ఇవి మా దేశం నుంచే వచ్చాయనడానికి ఆధారం లేదు, తీసుకోలేం అని ఆవిడ మెయిల్ పెట్టింది. సారు వదల్లేదు. కస్టమ్స్ వాళ్ళు సీలు తీసి తనిఖీ చేసే రోజున ఆవిడను వీడియో కాల్‌లోకి పిలిపించి, వాళ్ళ అనుమతితో ఫోను పట్టుకుని కంటైనర్ ముందు నిలబడ్డారు. "మేడం, నో చెప్పండి. కానీ ఇది చూసి చెప్పండి," అన్నారు తన ఇంగ్లీషులో. ఆవిడ ఫోనును సీలు దగ్గరికి జరపమంది. ఆ తర్వాత లోపలున్న గొట్టాల్లో ఒకదాని మీది చీటీ చూపించమంది. అది చదివి, "ఇది మా ఊరి ఆసుపత్రి," అంది మెల్లగా. ఆ మాటతో పని కదిలింది. అక్కడ ఆవిడ, ఇక్కడ మన కస్టమ్స్ వాళ్ళు పట్టుబట్టి కూర్చున్నారు. అయినా ఆ కంటైనర్లు మళ్ళీ ఓడ ఎక్కేసరికి ఇంకో సీజన్ గడిచిపోయింది.

చివరి లారీ హైవే ఎక్కుతుంటే నేను చప్పట్లు కొట్టాను. సారు కొట్టలేదు. "పోయినవి పోయినాయిలేమ్మా. పోసేసినవి యాడికి పోతాయి?" అన్నారు. నిజమే. మట్టిలో కలిసిపోయినదాన్ని ఏ దేశం వెనక్కి తీసుకుంటుంది? తోటల బోర్ల నీళ్ళు పరీక్ష చేయిస్తే పనికిరావని తేలింది. క్వారీని శుభ్రం చేయాలన్న ఉత్తర్వు ఇప్పటికీ ఉత్తర్వుగానే ఉంది.

ఆ ఏడాది నాగరాజప్ప టెంపో నిండా కాయలతో గేటు దగ్గరికి వచ్చాడు. సారు కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టి లేచారు. నేనూ వెంట వెళ్ళాను.

"కోసి చూడన్నా. తేనె మాదిరి ఉండాది."

"తీపి సంగతి కాదురా. నీళ్ళు చెడిపోయినాయి. ఈ కాయ నేను తీసుకోలేను."

"వాచ్‌మన్‌తో చెప్పించింటే తిట్టుకుంటా పోయింటాను కదన్నా. నువ్వే వచ్చి చెప్తే నేను ఎవుర్ని తిట్టేది?"

టెంపో తిరిగి హైవే ఎక్కిందాకా సారు ఎండలో అట్లాగే నిలబడ్డారు. ఆ రోజు క్యారియర్ మూత తీయలేదు. నాకు ఉక్రోషం ఆగక, "మీరు నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు కదా సార్," అనేశాను. "తినేవాళ్ళకు తెలీదమ్మా. నాకు తెలుసు కదా," అన్నారు. ఆ గొంతులో గొప్ప ఏమీ లేదు, అలసట తప్ప.

సారు ఇప్పుడు లేరు. ఆయన కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఈ రోజు కంటైనర్ దిగేసరికి వాచ్‌మన్ వచ్చి, ఉద్దనపల్లి టెంపో వచ్చిందన్నాడు. నాగరాజప్ప ప్రతి సీజన్‌లో ఒకసారి వస్తాడు. నువ్వే ఏదో ఒకటి చెప్పి పంపించేయవయ్యా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి గేటు దాకా నడిచాను.

"ఈసారన్నా నీళ్ళు బాగైనాయామ్మా?"

"పోయిన వారమే పరీక్ష చేయించినామప్పా. ఇంకా లేదు. నేను తీసుకోలేను."

తల ఊపి టెంపో ఎక్కబోతూ ఆగాడు. "ఎండ జాస్తిగా ఉండాది. లోపలికి పోమ్మా."

"మీరు పోయిందాకా ఉంటానప్పా," అన్నాను. టెంపో తిరిగి, కాయలతో హైవే ఎక్కేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.