గడప దాటిన మాట

శనివారం పొద్దున పుత్తూరు నుంచి ఫోన్ వచ్చింది. తిరుపతిలో మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నాకు పని నేర్పిన సార్ చనిపోయారు. విన్నాక నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, భయం. అది ఎందుకో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

మేము ఆసుపత్రుల ల్యాబులకు రక్తపరీక్షల ఫలితాలు పంపే ప్రోగ్రాం తయారుచేసి ఇస్తాం. అది బయటికి పంపే ఒక్క వాక్యం మార్చాలన్నా సార్ ప్రతి ఆసుపత్రికీ ఫోన్ చేసి, "ఈ మాటను మీ కాడ యాడన్నా వాడుకుంటా ఉండారా?" అని అడిగేవారు. ఆయన చాదస్తానికి మేము చాటుగా నవ్వుకునేవాళ్లం. "లోపల ఏమన్నా మార్చుకోప్పా. గడప దాటిన మాటను మాత్రం ముట్టుకోవాకు. అది నమ్ముకున్నోళ్లది" అనేవారు. మధ్యాహ్నం తన డబ్బాలోని సంగటి ముద్దలో సగం నా వైపు తోస్తూ కూడా అదే పాఠం.

రెండేళ్ల క్రితం ఆయన జ్వరంతో సెలవు పెట్టారు. ఆయన లేనప్పుడు ఆయన లాగిన్‌తోనే మార్పులు పంపడం మాకు అలవాటు. "పొటాషియం ప్రమాదస్థాయి దాటింది, వెంటనే డాక్టరుకు తెలపండి" అన్న పాత వాక్యం చాంతాడంత ఉందని, తీసేసి "అత్యవసరం" అని పెట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. నగరి వైపు ఒక చిన్న ఆసుపత్రిలో, తమ కంప్యూటర్‌కు ఆ పాత వాక్యం అందితేనే నర్సుల గదిలో గంట మోగేలా ఏర్పాటు చేసుకున్నారు. ఆ రోజు గంట మోగలేదు. పొటాషియం పెరిగిన సంగతి డాక్టరుకు సకాలంలో తెలియక, మరమగ్గాల మీద పనిచేసే ఒకాయన ప్రాణం పోయింది.

రికార్డులో ఉన్నది సార్ పేరు. ఆయన నన్ను ఒక్కటే అడిగారు, "ఆస్పత్రికి ఫోన్ చేసినావా?" అని. నేను తల దించుకున్నాను. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లారు.

"గంట ఎందుకు మోగలా సారూ?" అని చనిపోయినాయన భార్య అడిగింది.

"ఆస్పత్రోళ్లకు చెప్పకుండా మాట మార్చినామమ్మా. తప్పు నాది" అని సార్ చేతులు జోడించారు. పక్కనే నిలబడి నేను నోరు విప్పలేదు. ఆ నెలలోనే ఆయన ఉద్యోగం వదిలేశారు. నేను ఇంకా అక్కడే ఉన్నాను. సిగ్గుచేటు. సార్ పోయారని వినగానే భయం వేసింది అందుకే: నిజం చెప్పడానికి ఇక మిగిలింది నేనొక్కణ్ణే.

శనివారం పుత్తూరులో సార్ ఇంటి ముందు షామియానా కింద ఆ మరమగ్గాలాయన భార్య కూర్చుని ఉంది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"తప్పు చేసినా మా ఇంటికొచ్చి ఒప్పుకున్నాడు నాయనా. అందుకే కడసారి సూసిపోదామని వచ్చినా" అంది.

"ఆయన చేయలేదమ్మా. ఆ మాట మార్చింది నేను."

ఆమె నా మొహంలోకి చూసింది. లేచి వెళ్లి సార్ తల దగ్గర నేల మీద కూర్చుంది. ఆయన మొహం మీద వాలుతున్న ఈగలను కొంగుతో తోలుతూ, పాడె లేచేదాకా అక్కడే ఉంది.