మోపు కట్టొచ్చేటంత

మా వదినె పోయిందని పొద్దుగాల బియ్యం చెరుగుతుంటె చెప్పిండ్రు. నిన్న మాపటిదాక మడిలనే ఉన్న మనిషి. ఏడుపు కన్న ముందు నాకు బుగులే వచ్చింది. నిన్న కొట్టిన చెరుకు ఎడపల్లి మడిల మోపులు కట్టకుండ పడున్నది. మాపటికి చక్కెర కార్ఖాన బండ్లొస్తయి. ఎండితే తూకం పోతది, తోటాయన మమ్ముల మల్ల పిలువడు. పని పంచే మనిషేమో లేకపాయె.

ఆమె మా ఇంటాయన అక్క. చెరుకు కొట్టే మా ఆడోళ్లందరికి పెద్ద.

మొదటేడు పనిని సన్నసన్నగ పంచింది. ఒకామె నరుకుడు, ఒకామె ఆకు దీసుడు, ఇంకొకామె మోపు కట్టెటందుకు పచ్చి చెరుకాకుతోని పురి పేనుడు. పురి పేనే ఆమెకు జ్వరమొచ్చిననాడు అందరం నడుముల మీద చేతులు వెట్టుకొని నిలబడ్డం.

"ఏంది వదినె, పెండ్లికొచ్చినమా?" అన్నదొకామె.

తెల్లారి వదినె "ఎవలి సాలు వాళ్లే, నరుకుడు నుంచి బండి దాక" అన్నది. గదింక ఆగం. కత్తులు సాలలేదు, ముసలోళ్లు సగం సాలుకే కూలబడ్డరు.

పగటి బువ్వకాడ నేను గొణిగిన: "మనల్ని ఎల్లగొడతరేమొ వదినె."

"నీ బుగులును మోపులు కడితే రెండు బండ్లు నిండుతయి పిల్లా" అని నవ్వింది. చెరుకు గడ తీసి ముందట వెట్టింది. "మరీ చిన్న ముక్కలు కొడితే మోపుల నిలువదు, జారుతది. కొట్టకుంటె బండిల పట్టదు. పని గూడ గంతే. మోపు కట్టొచ్చేటంత కొయ్యాలె."

అప్పటిసంది ముగ్గురికొక జట్టు. నరుకుడు నుంచి మోపు దాక ఆ జట్టుదే. లోపల ఎవలేం జేస్తరో వాళ్లిష్టం. సంటిపిల్లల తల్లులున్న జట్టుకు నలుగురు. "అందరికొక్క కొలత వెట్టొద్దు" అనేది. జట్టుల కొట్లాటొస్తె తలదూర్చకపోయేది. మోపును పురి పట్టి లేపి, ఒక్కసారి ఊపి చూసేది. గడ జారకుంటె ముందుకు నడిచేది. గంతే ఆమె తనిఖీ.

నిన్నటి చెరుకు ఏమైందో చెప్పాలె గద. వదినె సమాధికాడ పాస్టరయ్య ప్రార్థన మొదలువెట్టంగ చుట్టు జూసిన. జట్టుకొక్కరే ఉన్నరు.

"మిగిలినోళ్లేరి?" అని పక్కామెను గిల్లిన.

"మడిల. ఇద్దరుంటె సరిపోతది గద అక్క, మోపు ఆగదు."

ఎవ్వరు పంపలేదు వాళ్లను.

మట్టి పోసి వస్తుంటె బోధన్ తొవ్వల బండ్లు ఎదురైనయి. ఆఖరి బండిని ఆపుమని, అంచుకున్న మోపు పురి పట్టుకొని, ఆమె లెక్కనే ఊపిన. ఒక్క గడ కదలలే. బండి పోయినంక చూసుకుంటె నా అరచేతికి పురి ఆకు పసరు అంటుకొని ఉన్నది, ఇంకా పచ్చిగనే.