మంచులో నాన్నగారి పాట

లద్దాఖ్‌లోని మా పోస్ట్‌కు నేను చేరింది 2008 నవంబరులో, మధ్యాహ్నం. ఎత్తు పదహారు వేల అడుగులు. చలి సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కింద. వీపున ముప్పై కిలోల సామాను. బంకర్ ముందు నిలబడి సుబేదార్ సాబ్‌కు సెల్యూట్ చేశాను. ఆయన నన్ను తేరిపార చూశారు.

"ఇంత నిటారుగా లోపలికి రాకు. పైకప్పు నీ భుజం దాకానే."

మొదటి వారంలో నా తలకూ పైకప్పు దూలానికీ బాగా పరిచయమైంది.

టెలిఫోన్ తీగలు చూసే లైన్‌మన్‌ది ధర్సీవా. మా రాయ్‌పూర్ పక్కనే. టీ గ్లాసు చేతికిస్తూ అన్నాడు. "మీ రాయ్‌పూరోళ్ళు మమ్మల్ని గాఁవ్ వాళ్ళు, పల్లెటూరోళ్ళు అంటారు కదా భైయా. ఇప్పుడు చూడు, ఇద్దరిదీ ఒకటే సిటీ."

పొద్దున గడ్డం గీసుకుంటూ నేను నాన్నగారి కీర్తన పాడేవాణ్ణి. రాయ్‌పూర్‌లో మా తెలుగు ఆరాధనలో ఆయన అందరికంటే గట్టిగా, అందరికంటే కొంచెం వెనకగా పాడేవారు. ఉర్లాలో ఇనుప ఫ్యాక్టరీ కొలిమి హోరు మీద మాట్లాడి మాట్లాడి గొంతు అలా తయారైంది. పాస్టర్‌గారు ఆయన ముగించేదాకా ఆగి ప్రార్థన మొదలుపెట్టేవారు. ఆ గొంతే నాకూ వచ్చింది. శ్రుతి కూడా.

"భైయా, కింద పోస్ట్ వాళ్ళు కంప్లయింట్ చేస్తున్నారు" అనేవాడు లైన్‌మన్.

జనవరిలో ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి టెలిఫోన్ మూగబోయింది. లైన్‌మన్, తోడుగా ఒక సిపాయి, నడుములకు ఒకే తాడు కట్టుకుని దిగారు. మూడున్నరకు గాలి లేచింది. మంచు ఎగిరి ఆకాశమూ నేలా ఒకటే తెలుపైంది. రేడియోలో లైన్‌మన్ గొంతు వచ్చింది.

"సాబ్, నా చెయ్యి నాకే కనబడట్లేదు. పోస్ట్ ఎటు?"

దగ్గరలోనే ఉన్నారు. కానీ ఒక పక్క లోయ. ఆగితే గడ్డకడతారు, నడిస్తే పడతారు. విజిల్ గాలిలో కలిసిపోయింది. సుబేదార్ సాబ్ నా భుజం తట్టారు.

"లాన్స్ నాయక్, గట్టిగా అరువు."

అరిచాను. కాసేపటికే గొంతు పట్టేసింది. అప్పుడు నాన్నగారు గుర్తొచ్చారు. అరిస్తే గొంతు పోతుందిరా అబ్బాయ్, పాడు, నిలబడుతుంది అనేవారు. ఆయన కీర్తన ఎత్తుకున్నాను. చివరి చరణం అయిపోతే మళ్ళీ పల్లవి. వంటవాడు డేక్చీ మూత వాయించాడు. సుబేదార్ సాబ్ మాటలు తెలియకపోయినా పెద్దగా కలిశారు.

రేడియో పలికింది. "సాబ్, ఎడమ పక్క ఎవరో ఏడుస్తున్నారు."

"ఏడుపు కాదు, మీ రాయ్‌పూరోడి పాట."

"ఏదైనా సరే, ఆపనివ్వకండి. అటే వస్తున్నాం."

ఐదు కావస్తుండగా ఇద్దరూ బంకర్లో పడ్డారు. ప్రభువుకు కృతజ్ఞత చెప్పాను. వెంటనే నాన్నగారికీ చెప్పుకున్నాను.

సిపాయికి ఏమీ కాలేదు. లైన్‌మన్ కుడి బూటు తడిసిపోయింది. బొటనవేలు కొవ్వొత్తిలా తెల్లబడింది. తెల్లవారి హెలికాప్టర్‌లో ఆస్పత్రికి పంపాం. డాక్టర్లు వేలు తీసేయలేదు. కానీ అందులో స్పర్శ లేదు. సెలవు మీద వెళ్ళిరా, అప్పటికీ స్పర్శ రాకపోతే ఫౌజ్ నుంచి ఇంటికే అన్నారు.

ఏప్రిల్‌లో నా పోస్టింగ్ ముగిసింది. సెలవు దొరికిన లైన్‌మన్, నేను ఒకే రైల్లో వచ్చాం. దారంతా అతను వేలిని గిల్లి చూసుకుంటూనే ఉన్నాడు.

రాయ్‌పూర్ ప్లాట్‌ఫాం మీద నాన్నగారు గంజిపెట్టిన తెల్ల చొక్కాలో నిలబడి ఉన్నారు. తాతగారి కాలంలో మాకు గోదావరి జిల్లాలో రైస్ మిల్లు, పొలం ఉండేవి. అవన్నీ పోయాయి. కొలిమి దగ్గర కూలిగా చేరిన రోజున కూడా నాన్నగారు ఇస్త్రీ చొక్కాతోనే గేటు దాటారట. లైన్‌మన్‌ను ధర్సీవా బస్సు ఎక్కనివ్వలేదు. "ముందు మా ఇంట్లో భోజనం" అన్నారు.

ఇంటికి రాగానే వేలి సంగతి విని, గోరువెచ్చని నీళ్ళ బేసిన్ తెచ్చి అతని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. లైన్‌మన్ కుర్చీలోంచి లేవబోయాడు.

"వద్దు బాబూజీ. మీరు పెద్దవారు, పెద్ద ఖాన్‌దాన్, పెద్ద వంశం వారు."

"బైఠో బేటా, కూర్చో. మా ప్రభువే శిష్యుల కాళ్ళు కడిగాడు. మా రైస్ మిల్లు ఆయనకంటే గొప్పదేం కాదు."

నాన్నగారు ఇప్పుడు ఆ ప్రభువు దగ్గరే ఉన్నారు. ఆయనను తలచుకుంటే నాకు కొలిమి గుర్తురాదు, శవపేటిక గుర్తురాదు. ఆ మధ్యాహ్నమే కళ్ళముందు ఉంటుంది. ఆయన అరచేతిలో లైన్‌మన్ కుడి పాదం. వేళ్ళ సందుల్లో మెల్లగా రుద్దుతున్నారు. లైన్‌మన్ ఉన్నట్టుండి కాలు వెనక్కి లాక్కున్నాడు.

"గుద్‌గుదీ హో రహీ హై, బాబూజీ."

నాన్నగారు నావైపు చూశారు. "చక్కిలిగింతా? ఏ వేలికిరా?"

లైన్‌మన్ వేలు చూపించాడు. "బొటనవేలికే, నాన్నగారూ" అన్నాను.

చొక్కా మోచేతుల దాకా తడిసిపోయి, ఆ పెద్దమనిషి ఆ వేలిని పట్టి లాగి, ఈసారి గోటితో గీరారు.