గుబార్‌ను తరిమిన శుక్రవారం

కువైట్‌లో దుమ్ముగాలిని ప్రేమించే డ్రైవరు ఇంకా పుట్టలేదు. పుట్టినా, మర్నాడు పొద్దున కార్లు తుడిచే వేళకు ఆ ప్రేమ ఆవిరైపోతుంది. మిష్రిఫ్‌లో నేను పనిచేసే విల్లాలో ఐదు కార్లున్నాయి. దుమ్ము లేచిన మర్నాడు అవి పదిహేనవుతాయి. అరబ్బులు గుబార్ అనే ఈ దుమ్ము అద్దాల సందుల్లో, ఏసీ గొట్టాల్లో, నా పళ్ల మధ్యలో, తాళం వేసిన పెట్టె అడుగున ఉన్న పెళ్లిఫోటోలో మా ఆవిడ బుగ్గ మీద కూడా పేరుకుంటుంది. ఇన్నేళ్లలో నేను తుడిచిన దుమ్మంతా ఒకచోట పోస్తే మా రాయచోటి పక్కన ఇంకో కొండ లేచేది.

అలాంటి నేను మొన్న ఎండాకాలం ఒక శుక్రవారం ఆ దుమ్మును వెతుక్కుంటూ ఎడారిలో తిరిగాను. కారణం మా పాప.

పాపకు పద్నాలుగేళ్లు. చిన్నప్పుడు ఫోన్‌లో నేనేం చెప్పినా నోరు తెరుచుకుని వినేది. ఇక్కడి బల్లులు దూడంత ఉంటాయన్నా, మా మామా ఒక్క పూటకు ఒక మేకను తింటుందన్నా, ఇంకా చెప్పమనేది. (ఇంటి యజమానురాలిని ఇక్కడ మేమంతా మామా అనే పిలుస్తాం. పాపం, ఆవిడ తినేది అరచేతిలో పట్టేంత సలాడ్.) రెండేళ్లుగా మాత్రం మూడే ముక్కలు: బాగుండా, తిన్నా, అమ్మకిస్తా. నేను వారమంతా పోగేసి దాచుకున్న విశేషాలు గొంతు దాటకముందే, అన్నీ కోతలే అని ఫోన్ వాళ్లమ్మ చేతిలోకి పోయేది.

గురువారం సాయంత్రం అదే నన్ను అడిగింది. ఏదో వీడియోలో చూసిందట. అమెరికాలో మైదానాల మీద తుపాను లేస్తే, పారిపోకుండా కార్లు వేసుకుని దాని వెంటపడే మనుషులున్నారట.

"నీ కాడ గూడా దుమ్ముగాలి వస్తాదంటివి గదా నాయనా. కోతలు గాకుండా ఒగసారి చూపీ."

రెండేళ్లలో నా కూతురు నాతో మాట్లాడిన అతి పొడవైన మాట అది. ఈ ఒక్కటి చూపించగలిగితే పాత పాప తిరిగి వస్తుందని నాకు అనిపించింది. నాలుగింటికి కంప్యూటర్ క్లాసు ఉందట, ఆలోపే చూపించాలట. అంటే మా టైములో ఒకటిన్నర.

శుక్రవారం దుమ్ము లేస్తుందని ఫోన్ చెబుతూనే ఉంది. అదృష్టం ఏమిటంటే, ప్రతి శుక్రవారం ఊరి బయట ఎడారిలో, కబ్ద్‌లో ఉన్న మామా వాళ్ల మేకల దొడ్డికి దాణా మూటలు చేర్చేది నేనే. గుబార్ వస్తుంది, మూటలు పడేసి తిరిగి వచ్చెయ్, యల్లా, తొందరగా, అంది మామా. నేను తల ఊపిన ఊపుకు మెడ విరిగి ఉండాల్సింది.

దొడ్డి చూసుకునే బంగ్లాదేశ్ ముసలాయనకు నా పని చెప్పాను. ఆయన దాణా మూట మీద కూలబడి నవ్వాడు. ముప్పై ఏళ్లుగా దేన్ని చూసి నేను తలుపు వేసుకుని దాక్కుంటున్నానో దాన్నే నువ్వు పిలవబోతున్నావా, కూర్చుని చాయ్ తాగు, దానికి అందరి అడ్రసులూ తెలుసు, అన్నాడు హిందీలో. బుద్ధి ఉంటే కూర్చునేవాణ్ని. కానీ అమెరికావాళ్లు కూర్చుని చాయ్ తాగరు కదా.

పడమటి వైపు గోధుమరంగు గోడ ఒకటి కనబడితే పికప్‌ను విమానంలా పోనిచ్చాను. దగ్గరికి పోతే కంకర లారీలు. ముందు లారీ డ్రైవరు చెయ్యెత్తి సలాం కూడా కొట్టాడు. రెండోసారి లేచిన దుమ్ము నిజమే అనుకుని ఫోన్‌లో పాప పేరు మీద వేలు పెట్టేశాను. అందులోంచి మూడొందల గొర్రెలు బయటికొచ్చి, దాణా ఏదీ అన్నట్టు నా వంక చూశాయి.

ఆ తర్వాత గొర్రెలు కూడా లేవు. రోడ్డు, కరెంటు స్తంభాలు, నేను. సీసాలో నీళ్లు చాయ్ కాచినంత వేడిగా ఉన్నాయి. తోడున్నది నా నీడ ఒక్కటే, అదీ ఎండకు తాళలేక బండి కిందికి దూరింది. శుక్రవారాలు మేం కలిసే మహబూలా రూములో మా ఊరివాళ్లు ఎనిమిది మంది ఆ పాటికి వేటకూర పొయ్యి మీద పెట్టి ఉంటారు. రాలేదేమని ఫోన్ చేస్తే పనుందన్నాను. దుమ్ము కోసం కాపు కాస్తున్నానని ఎవరికి చెప్పుకోను?

ఒంటిగంట దాటాక గాలి హఠాత్తుగా ఆగిపోయింది. తలెత్తి చూస్తే నేల లేచి నిలబడి ఉంది. నిజంగానే. ఒక చివర ఇరాక్‌లో, ఇంకో చివర సౌదీలో, కొస ఆకాశంలో. ఇందులో నేను పెంచింది ఏమీ లేదు, ఉంటే కొంచెమే. బండి రోడ్డు పక్కకు తీసి, అద్దాలెత్తి, పాపకు వీడియో కాల్ చేశాను.

ఎత్తింది. ఫోన్‌ను ముందు అద్దానికి ఆనించి పట్టుకున్నాను. "యమ్మా" అంది చిన్నగా. అంతలో ఆ గోడ స్తంభాలను ఒక్కొక్కటే మింగుతూ వచ్చి మమ్మల్ని కూడా మింగింది. చుట్టూ గోధుమరంగు చీకటి. ఇసుక రేకు మీద వడగళ్లలా కొడుతోంది. అద్భుతంగా వర్ణిద్దామని గొంతు సవరించుకున్నాను.

"ఒక్కడివే ఉండావా నాయనా ఆడ?"



"ఒక్కణ్ణి ఎందుకుంటా పాపా. నలభై మంది ఉండాము. అందరూ కార్లేసుకోని వచ్చినారు."

"ఏరీ, చూపీ."

ఫోన్‌ను నాలుగు దిక్కులా తిప్పాను. అంతా దుమ్మే. అగుపడటం లేదన్నాను.

"తగ్గినాక చూస్తాలే."

క్లాసు గుర్తు చేశాను. పోన్లే అంది. బండి అద్దాలు ఎత్తుకున్నావా అని అడిగింది, నీళ్లున్నాయా అంది. ఆ తర్వాత ఇద్దరమూ ఇసుక చప్పుడు వింటూ కూర్చున్నాం. జీవితంలో మొదటిసారి గుబార్ తగ్గొద్దని మొక్కుకున్నాను.

తగ్గింది. ముందు ఒక స్తంభం తేలింది, తర్వాత రోడ్డు, తర్వాత ఇంకో స్తంభం. ఫోన్‌ను పక్కకు తిప్పాలని తట్టనే లేదు. పాప చూస్తూనే ఉంది.

"ఒక్కరూ లేరే నాయనా."

"ఇప్పుడే పోయినారు పాపా."

"నలభై మందీనా?"

"నలభై మందీ."

కోతలు అనలేదు. ఇంటికి ఎంత దూరం అని అడిగింది. అరవై కిలోమీటర్లు అని ఉన్నదే చెప్పాను.

"పొయ్యేదాకా ఫోన్ పెట్టద్దు" అంది.

ఫోన్‌ను పక్క సీటు మీద వెల్లకిలా పెట్టి బండి తీశాను. మిష్రిఫ్ చేరేదాకా పాపకు కనబడింది పికప్ పైకప్పు ఒక్కటే.