అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి

మా ఆఫీసులో ఒక పెద్దమనిషి ఉండేవారు. ఆయనకి ఏ విషయమూ ఒక్కసారికి అర్థమయ్యేది కాదు. ఎవరేం చెప్పినా సరే, కుర్చీలో కాస్త ముందుకి జరిగి, చెయ్యెత్తి, "అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అనేవారు. దాంతో ఆయన అసలు పేరు జీతాల కాగితాల్లో మాత్రమే మిగిలింది. మా అందరికీ ఆయన మళ్ళీగారు.

మాది లిఫ్టులు బిగించి, పాడైతే బాగుచేసే కంపెనీ. మళ్ళీగారు ఫిర్యాదుల గదికి పెద్ద. ఆయనకి అర్థం కాకపోవాలంటే విషయం కష్టంగా ఉండాలన్న నియమమేమీ లేదు. ఒకరోజు మేనేజరు మీటింగు చివర "రేపు సెలవు" అన్నాడు. అంతే, రెండు ముక్కలు. గదంతా సంబరంగా లేవబోతుంటే కిటికీ పక్క కుర్చీలోంచి చెయ్యి లేచింది.

"అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి."

"రేపు సెలవు మహానుభావా! ఇందులో అర్థం కాకపోవడానికేముంది?"

"అందరికీనా? రాత్రి డ్యూటీ మెకానిక్కులక్కూడానా?"

మేనేజరు బుర్ర గోక్కున్నాడు. పాపం, ఆ సంగతి ఆయనా ఆలోచించలేదు. తలుపు దగ్గర నిలబడ్డ మెకానిక్కులు నేల చూపులు చూస్తున్నారు. చివరికి వాళ్ళకీ సెలవే అని తేలింది. మేమంతా బస్సు తప్పిపోయిందని మళ్ళీగారిని తిట్టుకుంటూ ఇళ్ళకి వెళ్ళాం.

ఫోనులోనూ ఇదే వరస. ఒకావిడ లిఫ్టులో ఇరుక్కుపోయి ఏడుస్తూ ఫోను చేసింది. ఈయన మెకానిక్కుని పరుగెత్తించి, తీరిగ్గా ఫోను అందుకున్నారు.

"అర్థం కాలేదమ్మా, మళ్ళీ చెప్పండి. అద్దం ఏ పక్కనుంది?"

"ఎడమ పక్కన! నాకు ఊపిరాడట్లేదండీ!"

"ఎడమంటే మీకు ఎడమా, అద్దంలో ఉన్న మీకు ఎడమా?"

తలుపు తెరుచుకునేదాకా ఇదే గోల. బయటపడ్డాక ఆవిడ ఏడవలేదు, కళ్ళు తిరిగి పడిపోలేదు. తిన్నగా మా ఆఫీసుకొచ్చి, "ఎవరా మొద్దు? ముందు ఆయన్ని నాకు చూపించండి" అంది. నేను నవ్వాపుకోలేక బల్ల కిందకి దూరాను.

నా వంతు వచ్చాక ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది. అప్పటికి నేను కొత్త ఇంజనీర్ని. అంతకుముందు రెండు ఉద్యోగాలు చేజారాయి. రెండుచోట్లా ఒకటే మాట: "తెలివైన పిల్లే, కానీ ఏం చెబుతుందో ఎవరికీ తెలీదు." ఇక్కడ నా పథకమొకటి ఛైర్మన్ ముందు వివరించాలి. ఆయనకి నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇదీ పోయినట్టే. ఇంటికెళ్ళి అమ్మకి మూడోసారి అదే కబురు చెప్పే ఓపిక నాకు లేదు.

ఆ రోజు తెర మీద బొమ్మలు వేసి, నీళ్ళు కూడా తాగకుండా గడగడా అప్పజెప్పేశాను. "వినియోగాధారిత ముందస్తు నిర్వహణ ప్రణాళిక" అని మొదలుపెట్టి ఊపిరి తీసుకునేసరికి చివరి బొమ్మ వచ్చేసింది. ఛైర్మన్ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. అందరూ తలలూపుతున్నారు. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు లేచింది, ఆ పాడు చెయ్యి.

"అర్థం కాలేదమ్మా, మళ్ళీ చెప్పు."

పళ్ళు నూరుకుంటూ మళ్ళీ చెప్పాను.

"ఉహూఁ. అర్థం కాలేదు."

కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ వెనకే ఒళ్ళు మండింది. పథకం, ప్రణాళిక అన్నీ మర్చిపోయి ఆయన వైపు తిరిగాను.

"ఏముంది సార్ ఇందులో! ఆస్పత్రి లిఫ్టు పొద్దస్తమానం తిరుగుతుంది. ఇద్దరే ముసలివాళ్ళున్న ఇంట్లో లిఫ్టు మధ్యాహ్నమంతా నిద్రపోతుంది. రెండిటికీ ఒకే రోజున తాళ్ళు మారుస్తున్నాం. ఒకచోట బంగారంలాంటి తాడు పారేస్తున్నాం, ఇంకోచోట అరిగిపోయినదాని మీద మనుషుల్ని ఎక్కిస్తున్నాం. ఎంత తిరిగిందో చూసి మార్చండి అంటున్నా. అంతే!"

ఛైర్మన్ కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా తల్లీ! రేపట్నుంచే మొదలుపెట్టండి."

ఉద్యోగం ఖాయమైంది. అయినా నా కోపం చల్లారలేదు. వరండాలో మళ్ళీగారికి అడ్డంపడ్డాను. "నేనంటే మీకెందుకు సార్ అంత కక్ష?"

"కక్షా? అర్థం కాలేదమ్మా, మళ్ళీ చెప్పు" అన్నారు.

ఆయన రిటైరైన రోజు సభలో అందరం ఆ చెయ్యి గురించే చెప్పుకుని పడిపడి నవ్వాం. ఆఖర్న వాళ్ళావిడని మాట్లాడమన్నారు. ఆవిడ మైకు ముందు నిలబడి మా అందరినీ వింతగా చూసింది.

"మీరు చెప్పేది ఈయన గురించేనా? ఈయనకా అర్థం కాకపోవడం! పెళ్ళయినప్పట్నుంచీ ఇంట్లో నేనొక్క మాట పూర్తిచేసిన పాపాన పోలేదు. ఏవండీ అంటే చాలు, 'అర్థమైంది' అని చెప్పులేసుకుంటారు. పంచదార అయిపోయిందని నేను చెప్పకముందే డబ్బా నిండిపోతుంది. ఏవండీ, ఎవరి కోసమండీ ఇక్కడ ఈ వేషం?"

మళ్ళీగారు పూలదండ సర్దుకుంటూ నేలకేసి చూశారు. గదిలో నవ్వు ఆగిపోయింది. "అంటే, ఆ సెలవు సంగతి మాకోసం అడిగారా?" అన్నాడు వెనకనుంచి ఒక మెకానిక్కు. నాకు ఛైర్మన్ చేతిలోని కళ్ళజోడు గుర్తొచ్చింది. ఆ రోజు నా మాట అందని మనిషి ఆయనే. అర్థం కాలేదని ఛైర్మన్ నోటితో అనలేరు కదా! అందుకని ఈయన అన్నారు.

ఇప్పుడు మాకు కొత్త హాలు, గోడంత తెర. మాట్లాడేవాళ్ళు అద్భుతంగా మాట్లాడతారు. "సందేహాలున్నాయా?" అంటారు. ఎవరికీ ఉండవు. కిటికీ పక్క కుర్చీ మీద ప్రింటరు పెట్టారు. మీటింగయినప్పుడల్లా నా కళ్ళు అటే పోతాయి. ఆ చెయ్యి ఒక్కసారి లేస్తే బాగుణ్ణని ప్రాణం కొట్టుకుంటుంది. మొన్న ఉండబట్టలేక నేనే ఎత్తాను. "అయ్యో మేడం, మీకే అర్థం కాలేదా?" అని అందరూ నవ్వారు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఇంత సిగ్గు ఆయన అన్నేళ్ళు రోజూ ఎలా మోశారో! నా పక్కనున్న కొత్తమ్మాయి మాత్రం, మాట్లాడేవాళ్ళు రెండోసారి చెబుతుంటే గబగబా రాసుకుంది.

బయటికొచ్చి ఆయనకి ఫోను చేశాను.

"సార్, మీరు లేక ఇక్కడ..."

"అర్థమైందమ్మా" అన్నారు.

ఇన్నేళ్ళలో ఆయన నోట మొదటిసారి విన్న మాట! నాకేమో గుండెల్లో ఇంకా బోలెడుంది.

"అర్థం కాలేదనండి సార్, ఈ ఒక్కసారికీ."

అవతల కుర్చీ ముందుకి జరిపిన చప్పుడు వినిపించింది.

"అర్థం కాలేదమ్మా, మళ్ళీ చెప్పు."

మొదట్నుంచీ మొదలుపెట్టాను.