నాయనమ్మ చెవి

మొన్న తలుపులకు రంగు వేయిస్తే టర్పెంటైన్ వాసన ఇల్లంతా కమ్మింది. ఆ వాసన తగిలితే చాలు, వరంగల్ కొత్తవాడలోని మా సందు, మామిడి టెంకల మీద ముసిరే ఈగలు, నూలుకు పట్టించిన గంజి పులుపు, సందు పొడవునా సాగదీసిన పడుగు దారాల కింద దూరే ఎదురింటి ఎల్లవ్వ కోళ్లు, వాటి వెంట మా నాయనమ్మ తిట్లు వరసగా వచ్చేస్తాయి. ఆమె తిడితే కాజీపేటలో ఆగిన రైలు సిగ్నల్ పడకుండానే కదిలేదని బడిలో చెప్పేవాణ్ని. ఆ తిట్లన్నిటికీ పట్టపురాణి ఒకటే: "నీకు పురుగులు వడ." మా దిక్కు పురుగులు పడటమంటే రోగం కాదు, చేసిన పాపం బయటపడటం.

అట్లాంటి నాయనమ్మ ఒక వానాకాలం మొదట్లో చెవులకు గుడ్డ చుట్టుకుని తిరగసాగింది. చల్లగాలి పడట్లేదంది. ఏళ్లుగా చీము కారే చెవి. మధ్యాహ్నం మగ్గం పక్కన నేలమీద కునుకు తీస్తుంటే ఈగ తన పని చేసుకుపోయింది. లోపల ఏదో మెసులుతోందని ఆమెకు తెలుసు. తన తిట్టు తనకే తగిలిందని సందంతా అంటుందన్న భయంతో నొప్పిని పళ్ల బిగువున దాచి, అనుమానం రాకుండా కోళ్ల మీదికి మాత్రం రోజూ లేచేది.

ఒకరోజు నాయనమ్మా ఎల్లవ్వా ముఖాముఖి అరుచుకుంటుండగా ఎల్లవ్వ తిట్టు మధ్యలో ఆగి, ఏదో వాసన తగిలి ముక్కు ఎగబీల్చి, దగ్గరికొచ్చి ఆ గుడ్డ విప్పి చూసింది.

"అక్కా, నీ తిట్టు నా ఇల్లు దొరుకక నీ చెవులనే కూసున్నట్టుంది. నడువు దవాఖానకు."

నాయనమ్మ ఆమె చేయి పట్టుకుంది. "ఎవ్వలకు చెప్పకే, ఎల్లీ." ఆమె గొంతు అంత చిన్నదని నాకు అప్పటిదాకా తెలియదు.

దవాఖానలో టర్పెంటైన్ తడిపిన దూది పెట్టగానే పురుగులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఇంకా ఆలస్యమైతే మెదడు దాకా పోయేవట. నాయనమ్మ పాపం సంగతి అడిగితే డాక్టరు, "పాపం లేదు గీపం లేదవ్వా, ఈగ గుడ్లు పెట్టింది" అన్నాడు. ఆ పురుగులు పొట్లకాయలంత ఉన్నాయని బడిలో చెప్పాలని నా నాలుక ఎంత దురద పెట్టిందో! కానీ ఎల్లవ్వ తిరిగొచ్చే రిక్షాలోనే ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది. సందులో మాత్రం చెవిపోటని చెప్పింది.

చెవి మానింది. కోళ్లు మళ్లీ పడుగు కిందికి దూరాయి. నాయనమ్మ లేచి, "నీకు పురు…" అని ఆగి, కాసేపు వెతుక్కుని, "నీకు జలుబు జెయ్య" అంది. ఎల్లవ్వ నవ్వలేక గడపమీద కూలబడింది.

ఇద్దరూ పోయారు, ఒట్టూ తీరింది. ఆ సందులో ఇప్పుడు పడుగులు లేవు, కోళ్లు లేవు. కార్లు నిలిపేచోటు కోసం వాట్సాప్ గ్రూపులో, ఎంతో మర్యాదగా కొట్లాడుకుంటారు. అవతలి మనిషి చెవి వాసన తెలిసేంత దగ్గర నిలబడి తిట్టేవాళ్లు మాత్రం ఎవరూ మిగల్లేదు.